ఇంటిపేరు ఒక్కటే

ప్రసిద్ధుల జీవితములను సంగ్రహముగ తెలుపు గ్రంథములలో ఒక వింత అమరిక కనిపించును. మనుష్యులను వారు పుట్టిన కాలమును బట్టిగాని, చేసిన పనిని బట్టిగాని కాక, ఇంటిపేరును బట్టి వరుసగా కూర్చుండబెట్టుదురు. అందువలన జీవితములో ఒకరి మొగమొకరు చూడనివారు కాగితముమీద ఇరుగుపొరుగువారగుదురు. గాయకుని ప్రక్కన సేనాపతి, ఆ ప్రక్కన గణితశాస్త్రజ్ఞుడు, అతని సరసన చదరంగపు ఆటగాడు! ఈ పొరుగు కేవలము అకారాది క్రమము కల్పించినదా, లేక దానివెనుక నిజమైన బంధుత్వమేమైన ఉన్నదా అని అడుగబుద్ధి పుట్టుట సహజము.

ఈ సాయంకాలము మేము ముచ్చటింపదలచినది ఈ ఇంటిపేర్లను గూర్చియే. ముఖ్యముగ కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతములలో ఒకే ఇంటిపేరు గల ప్రసిద్ధులను గూర్చి. 2016లో ఈ జిల్లాలు రెండును పలు జిల్లాలుగ విడిపోయినవి. అయినను ఈ ప్రసంగములో పాతపేర్లనే విరివిగా వాడుచున్నాము. మేము పేర్కొనబోవువారిలో పెక్కుమంది ఆ పాత జిల్లాలవారుగనే పేరు తెచ్చుకొనినవారు.

ముందుగా కొంచెము దూరము పోయి వత్తము. కాకసస్ పర్వతములకు దక్షిణమున ఆర్మీనియా అను చిన్న దేశమున్నది. ఆ దేశీయులు మనకు బొత్తిగా కొత్తవారు కారు. వర్తకులై వచ్చి మద్రాసులో స్థిరపడిరి. అక్కడ వారి పేరిట ఒక వీధియు, 1772లో కట్టిన చర్చియు నేటికిని ఉన్నవి. ఆర్మీనియన్ భాషలో ప్రపంచమున మొట్టమొదటి పత్రిక 1794లో వెలువడినది మద్రాసులోనే అన్న సంగతి విని ఆశ్చర్యపడనివారుండరు. హైదరాబాదులో ఉప్పుగూడ వద్ద వారి పాత సమాధులున్నవి. ఆ మద్రాసు పత్రికను నడిపిన మతాచార్యుని పేరు హరుత్యున్ ష్మవోన్యన్. ఆ పేరు చివరనున్న 'యన్' అను ప్రత్యయమును గమనింపుడు. ఆర్మీనియనుల ఇంటిపేర్లలో చాల భాగమునకు ఇదియే తోక. 'ఫలానావాని సంతతివారు' అని దాని అర్థము.

ఆ దేశమున పెత్రోస్యన్ అను ఇంటిపేరు బహుళముగ వినబడును. పెత్రోసు అను పూర్వుని సంతతివారని దాని భావము. 1963 నుండి 1969 వరకు చదరంగమున ప్రపంచ విజేతగ నిలిచిన తిగ్రాన్ పెత్రోస్యన్ ఈ పేరువాడే. ఆయన 1984 ఆగస్టులో మరణించెను. ఆ మరుసటి నెలలోనే ఆర్మీనియా రాజధానిలో మరొక పెత్రోస్యన్ ఇంట కుమారుడు పుట్టగా, తండ్రి ఆ విజేతపై అభిమానముచేత తిగ్రాన్ అనియే పేరుపెట్టెను. ఆ బాలుడు కూడ పెరిగి చదరంగమున గ్రాండ్‌మాస్టరయ్యెను. ఇంటిపేరు ఒక్కటే, పెట్టిన పేరు ఒక్కటే, ఆట కూడ ఒక్కటే. బంధుత్వము మాత్రము లేదు. 1991లో స్వతంత్ర ఆర్మీనియాకు తొలి అధ్యక్షుడైన లెవాన్ తెర్ పెత్రోస్యన్ పేరులో ముందు 'తెర్' అని చేరినది. వంశములో ఒక పూర్వుడు పురోహితుడై యుండెనని దాని సూచన. మూడక్షరములలో ఒక తాతగారి వృత్తి దాగియున్నదన్నమాట.

ఇక మన ఇంటికి వత్తము. ఆర్మీనియనుల ఇంటిపేరు వెనుక వచ్చును, మన ఇంటిపేరు ముందు నడచును. ముందు ఇల్లు, ఆ పిమ్మట మనిషి. ఆ ఇల్లు ఒక ఊరు కావచ్చును, ఒక వృత్తి కావచ్చును, ఒక పూర్వపురుషుడు కావచ్చును, ఒక్కొక్కప్పుడు ఎవరో పరిహాసమునకు పెట్టిన పేరే మూడుతరములు గడచుసరికి గౌరవనామమై కూర్చుండవచ్చును. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతయు గబ్బిలాల కంపు అను సామెత మనవారి చమత్కారమే. ఇంటిపేరు చూచి ఇంటిని నమ్మరాదని పెద్దలకు ముందే తెలియును. అయినను పెండ్లిమాటలు మొదలుపెట్టునప్పుడు తొలి ప్రశ్న మాత్రము ఇంటిపేరే!

మొదట చెన్నమనేనివారిని తీసికొందము. ఈ పేరు చివరనున్న 'నేని' అను మాట 'నాయడు' అనుదానినుండి వచ్చినది. నాయని, నేని అని అరిగినది. అనగా చెన్నమ నాయని ఇంటివారు చెన్నమనేనివారు. పెత్రోసు సంతతివారు పెత్రోస్యనులైనట్లే. ఆర్మీనియాకును వేములవాడకును నడుమ వేలమైళ్ళ దూరమున్నను, పేరు పుట్టిన తీరు ఒక్కటియే.

నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందిన ఈ కుటుంబములో ముగ్గురన్నదమ్ములు దేశమునకు తెలిసినవారైరి. మువ్వురును మూడు త్రోవలు పట్టిరి. ఆ త్రోవలు చిన్న ఎడముగ పోయినవి కావు.

అన్నగారు రాజేశ్వరరావుగారు. 1923లో జన్మించిన వీరు తెలంగాణ సాయుధ పోరాటములో పాల్గొని కమ్యూనిస్టు నాయకులైరి. 1957లో తొలిసారి శాసనసభలో అడుగుపెట్టిరి. పిమ్మట సిరిసిల్ల ప్రజలు వారిని మరల మరల సభకు పంపిరి. సిరిసిల్ల మరమగ్గముల పట్టణము. కూలిరేటు, నూలుధర, బోనసు అను మాటలు అక్కడ వంటయింటిదాక వినబడును. ఎఱ్ఱజెండా అటువంటి ఊరిలో నిలుచుటలో వింత లేదు. చివరి దశలో వీరు తెలుగుదేశము పక్షమున చేరి 2004లో కూడ సిరిసిల్ల నుండియే గెలిచిరి. 2016లో దివంగతులైరి.

రెండవవారు హనుమంతరావుగారు. 1929లో జన్మించిరి. వీరు సభలకు పోలేదు, అంకెలలోనికి పోయిరి. వ్యవసాయార్థికశాస్త్రము వీరి రంగము. ఢిల్లీలోని ఆర్థికాభివృద్ధి సంస్థకు సంచాలకులుగ, 1982 నుండి 1986 వరకు ప్రణాళికా సంఘ సభ్యులుగ పనిచేసిరి. 2004లో పద్మభూషణ పురస్కారమునందిరి. 1975లో వెలువడిన వీరి ప్రధానగ్రంథము ఒక సూటిప్రశ్న చుట్టు తిరుగును: కొత్త విత్తనములు, ట్రాక్టర్లు, పంపుసెట్లు వచ్చిన తరువాత పొలములో పెరిగిన లాభము ఎవరి ఇంటికి ఎంత చేరినది? పెద్దరైతునకెంత, చిన్నరైతునకెంత, కూలికెంత? హరితవిప్లవపు ఉత్సాహమింకను చల్లారని దినములలో ఈ ప్రశ్న నడుగుటకు కొంత ధైర్యము కావలెను. 1994లో కరవు ప్రాంతముల పథకములను పరిశీలించుటకు కేంద్రప్రభుత్వము వేసిన కమిటీకి వీరే అధ్యక్షులు. పడిన వానను పడినచోటనే నిలుపవలెను, ఆ పనిని ఊరివారి చేతికే అప్పగింపవలెను అను ఆలోచన ఆ నివేదికకు మూలము. 1995 నుండి దేశమంతట వాటర్‌షెడ్ పథకములు దానిని బట్టియే నడచినవి. పొలముగట్టున రాతికట్ట, వాగునకడ్డముగ చిన్న చెక్‌డ్యాము చూచిన రైతులలో ఎందరికో ఆ పని వెనుక కరీంనగర్ మనిషి ఒకరున్నారని తెలియకపోవచ్చును.

తమ్ములు విద్యాసాగరరావుగారు 1941లో జన్మించిరి. న్యాయవాదులు. వీరు భారతీయ జనతాపక్షమును ఎంచుకొనిరి. 1985 నుండి మూడుమార్లు మెట్‌పల్లి శాసనసభ్యులైరి. 1998లోను 1999లోను కరీంనగర్ నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్రములో హోంశాఖ సహాయమంత్రిగ పనిచేసిరి. 2014 నుండి 2019 వరకు మహారాష్ట్ర గవర్నరుగ ఉండి, నడుమ ఒక సంవత్సరము పైచిలుకు తమిళనాడు బాధ్యతను కూడ మోసిరి.

1985లోను 1994లోను ఏర్పడిన శాసనసభలలో అన్నదమ్ములిద్దరును కూర్చుండిరి. ఒకరు సిరిసిల్ల కమ్యూనిస్టు, ఒకరు మెట్‌పల్లి భాజపా. సభ్యుల పట్టికలో ఒకే ఇంటిపేరు, రెండు జెండాలు. ఒకే అరుగుమీద పెరిగినవారు లోకమును ఒకే కంటితో చూతురని అనుకొనువారికి ఇంతకంటె మంచి సమాధానము మాకు తోచుట లేదు. ఇంటిపేరు మనిషికి ఇల్లు చూపునేగాని దారి చూపదు.

ఇంకొక చిన్న ముచ్చట. ఆర్థికశాస్త్ర గ్రంథములపై హనుమంతరావుగారి పేరు ముందు 'సి.హెచ్.' అని రెండు అక్షరములుగ విడదీసి అచ్చువేయుదురు. విద్యాసాగరరావుగారి పేరు ముందు అవే అక్షరములు కలిసి 'చ' అను ఒకే ధ్వనియై నిలుచును. ఇంగ్లీషు అచ్చుయంత్రము తగిలించిన ఒక చుక్క సోదరులను వేరు ఇంటివారినిగ చేసినది! పరదేశపు పాఠకుడొకడు గ్రంథాలయములో కూర్చుండి ఈ ఇద్దరు ఒక తల్లి బిడ్డలని పసిగట్టుట అసాధ్యము. పేరు కుదించుటలో లాభము కాగితమునకు, నష్టము మనిషికి. మైకు ముందు పేర్లు చదువుట మా నిత్యకృత్యము కనుక ఈ విషయమున మాకు కొంచెము పట్టుదల ఎక్కువ.

జువ్వాడివారి సంగతి వేరు. కరీంనగర ప్రాంతములో ఈ పేరు వినగానే సాహిత్యప్రియులకు గౌతమరావుగారు జ్ఞప్తికి వత్తురు. 1959లో విశ్వనాథ సత్యనారాయణగారు కరీంనగరము కళాశాలకు అధ్యక్షులుగ వచ్చినప్పుడు ఆ పట్టణమున కవిత్వమునకు ఒక కొత్త ఊపు వచ్చినది. గౌతమరావుగారు విశ్వనాథవారి శిష్యకోటిలో అగ్రగణ్యులు. 'శ్రీమద్రామాయణ కల్పవృక్షము'ను కంఠస్థము చేసి, రాగయుక్తముగ చదివి వినిపించుటలో వారికి వారే సాటి. 1970లో ఆ కావ్యమునకు జ్ఞానపీఠ పురస్కారము వచ్చినది. అయితే కరీంనగరములో ఎందరికో ఆ కావ్యము పుస్తకముగ కంటె గౌతమరావుగారి గొంతుగనే పరిచయము. 2012లో ఆ గొంతు ఆగినది. ఇదే ఇంటిపేరు గల చొక్కారావుగారు వరి, నీరు, ధర అను మాటల మనిషి. కాంగ్రెసు పక్షమున 1984 నుండి వరుసగా మూడు పర్యాయములు కరీంనగర్ లోక్‌సభ సభ్యులైరి. 1999లో గతించిరి. గోదావరి నీటిని గంగారము వద్దనుండి ఎత్తి మెరకభూములకు చేర్చు దేవాదుల పథకమునకు వారి పేరే పెట్టిరి. రత్నాకరరావుగారు దేవాదాయశాఖ మంత్రిగ పనిచేసి 2020లో కాలధర్మము నొందిరి. ఒకరికి పద్యము, ఒకరికి కాలువ, ఒకరికి గుడి!

ఊరిపేరు ఇంటిపేరగుట మనలో మిక్కిలి సామాన్యము. అయితే ఆ ఊరు ఎంత దూరమున ఉండవచ్చును? దీనికి చక్కని ఉదాహరణము గోదావరి ఒడ్డున చెన్నూరులో దొరకును. అక్కడ గోదావరి కొంత మేర ఉత్తరముగ తిరిగి ప్రవహించును. ఆ ఊరు పాత ఆదిలాబాదు జిల్లాలోనిది, నేడు మంచిర్యాల జిల్లా. 'పోతన చరిత్రము' అను మహాకావ్యమును రచించి 'అభినవ పోతన' అని పేరు గాంచిన వానమామలై వరదాచార్యులవారు చాలకాలము నివసించినది అక్కడనే.

వానమామలై అను మాట చెవిని పడగానే తెలుగువారికి వాన గుర్తువచ్చును. నిజమునకు అది అరవమాట. వాన అనగా ఆకాశము, మా అనగా గొప్ప, మలై అనగా కొండ. తమిళనాడులో తిరునెల్వేలి ప్రాంతమున నాంగునేరి అను క్షేత్రమున్నది. ఆళ్వారులు పాడిన నూట ఎనిమిది దివ్యదేశములలో అదియొకటి. దానికే వానమామలై అనియు, తోతాద్రి అనియు పేర్లు. అక్కడి వైష్ణవమఠమునకు తెలంగాణములో శిష్యపరంపర విస్తారముగ కలదు. దక్షిణపుకొసనున్న ఆ కొండపేరు వందల క్రోసులు నడచి వచ్చి, మడికొండలోను చెన్నూరులోను ఒక తెలుగింటి గుమ్మమున నిలిచినది.

1912లో ఓరుగల్లు సమీపమున మడికొండలో జన్మించిన వరదాచార్యులవారు పోతనను నాయకునిగ చేసికొని కావ్యము వ్రాయుట ఆలోచింపదగిన విషయము. పోతనగారి ఇంటిపేరు బమ్మెర. బమ్మెర అను ఊరు ఓరుగల్లు ప్రాంతములోనే, నేటి జనగామ జిల్లాలో ఉన్నది. పోతన కడప సీమలోని ఒంటిమిట్టవాడని కొందరు పండితులు, కాదు ఓరుగంటి సీమవాడేనని కొందరు ఎన్ని పుటలు వాదించిరో! ఆ వాదములో తెలంగాణపువారి చేతనున్న బలమైన సాక్ష్యములలో ఆ ఇంటిపేరొకటి. ఇంటిపేరు ఒక మహాకవికి ఊరినిచ్చినది. ఆయన కథను వ్రాసినవారి ఇంటిపేరు మాత్రము వారిని అరవదేశపు కొండకు చుట్టరికము కలిపినది. అందుచేత వరదాచార్యులవారిని పరదేశివారనగల సాహసము ఎవరికున్నది? వారి సోదరులు జగన్నాథాచార్యులవారు 'రైతు రామాయణము'ను రచించిరి. అన్నదమ్ములలో ఒకరు భక్తకవిని, ఒకరు కర్షకుని కావ్యమునకెత్తుకొనిరి. పోతన కూడ హాలికుడేనని తలచుకొన్నచో ఆ రెండు కావ్యములకు మధ్య దూరమేమియు లేదు. చెన్నమనేనివారి కథకు ఇది ఎదురుకథ. వరదాచార్యులవారు 1984లో పరమపదించిరి.

ఇక లోకము మన ఇంటిపేర్లను ఎట్లు చదువునో చూతము. పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1991లో ప్రధానమంత్రియైనప్పుడు పడమటిదేశముల పత్రికలు వారిని 'మిస్టర్ రావు' అని వ్రాసినవి. అది వారి ఇంటిపేరు కాదు. పాములపర్తి ఇంటిపేరు. పుట్టపర్తివలెనే 'పర్తి' అని ముగియు ఊరిపేరది. రావు అనునది గౌరవముగ చేరిన మాట. ఇంటిపేరు వెనుకవచ్చు దేశములవారికి చివరిమాట దొరికిన చాలును, దానినే పట్టుకొందురు. ఆ లెక్కన మన రావులందరు ఒక ఇంటివారు, రెడ్డులందరు మరొక ఇంటివారు. ఏ పరదేశ గ్రంథాలయమునకైన పోయి 'రావు' అను శీర్షిక క్రింద చూచినచో వంగర నరసింహారావుగారును, సిరిసిల్ల హనుమంతరావుగారును ఒకే పంక్తిలో దొరుకుదురు. ఇల్లు వేరైనవారిని కలుపును, ఒకే ఇంటివారిని చుక్కపెట్టి విడదీయును. నరసింహారావుగారి నిజమైన పాములపర్తి చుట్టము ఓరుగల్లులో ఉండెను. దూరపు సోదరవరుస అగు సదాశివరావుగారు. వారిద్దరును మిత్రులతో కలిసి 1948 నుండి కొన్నియేండ్లు 'కాకతీయ' పత్రికను నడిపిరి. దానిలో వ్రాసినప్పుడు ఇద్దరును ఇంటిపేరు విడిచి 'జయ విజయ' అను జంటపేరు పెట్టుకొనిరి. నరసింహారావుగారికి 2024లో, మరణించిన పందొమ్మిది సంవత్సరముల పిదప, భారతరత్న ప్రకటింపబడినది.

హనుమాజీపేట కవి నారాయణరెడ్డిగారిది మరొక చిత్రము. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కార గ్రహీత అగు ఆయన ఇంటిపేరు సింగిరెడ్డి. సి. నారాయణరెడ్డి అనుటలోని 'సి' ఇంగ్లీషు వర్ణమాలలోని మూడవ అక్షరమని పెక్కుమంది భావము. సినారె అనునప్పుడు మాత్రము అది సింగిరెడ్డిలోని అచ్చమైన తెలుగు 'సి'. కుదించినను తెలుగులో కుదించినచో ఇల్లు కొంచెమైనను మిగులును.

చెన్నూరు తప్ప ఇంతవరకు గోదావరికి ఈవలనే ఉన్నాము. ఇప్పుడు నది దాటి ఆదిలాబాదు కొండలలోనికి పోవలెను. అక్కడి గోండుల ఇంటిపేరు మన ఇంటిపేరువంటిది కాదు. మన చెన్నమనేనివారు, జువ్వాడివారు ఒక తాతను, ఒక ఊరిని జ్ఞాపకము చేసికొని ఊరకుందురు. గోండులలో మడావి, ఆత్రం, కుమ్రం, మెస్రం, కనక మొదలైన పేర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క దేవతను, ఒక కథను, పెండ్లి విషయమున ఒక శాసనమును తమలో ఇముడ్చుకొనియున్నవి. ఈ ఇంటిపేర్లన్నియు నాలుగు పెద్ద వర్గములలో చేరును. నాలుగు దేవతలవారు, అయిదు దేవతలవారు, ఆరు దేవతలవారు, ఏడు దేవతలవారు అని తెలుగువారందురు. ఒకే వర్గమువారు, ఇంటిపేర్లు వేరైనను, అన్నాచెల్లెండ్రవరుస. వారిలో వారికి పెండ్లి పనికిరాదు. ఆ కథలు పుస్తకములలో లేవు. ప్రధానులు, తోటీలు అను గాయకులు తంత్రీవాద్యము మీటుచు, తమ దాతల ఇంటిపేరు ఎక్కడ పుట్టినదో, ఏ వాగు దాటివచ్చినదో రాత్రులు పాడి వినిపింతురు. ఆస్ట్రియా దేశమునుండి వచ్చిన హైమెన్‌డార్ఫ్ పండితుడు మార్లవాయి గ్రామమున నివసించి, ఈ సంగతులను పరిశీలించి 1948లో ఆదిలాబాదు రాజగోండులను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన సమాధియు, ఆయన భార్య సమాధియు మార్లవాయిలోనే ఉన్నవి.

ఆ ఇంటిపేర్లలో లోకమునకు బాగుగ తెలిసినది కుమ్రం. 1940లో జోడెఘాట్ కొండలలో నిజాము పోలీసుల తుపాకికి నేలకొరిగిన భీము ఇంటిపేరది. ఆయన వెన్నంటి పోరాడిన సూరు కూడ కుమ్రం వంశీయుడే. 2016లో ఏర్పడిన ఒక జిల్లాకు భీము పేరు పెట్టుటతో ఆ ఇంటిపేరు సర్కారు బోర్డుల కెక్కినది. కొమరం, కొమురం, కుమురం, కుమ్రం అని నాలుగు విధములుగ చూచుచున్నాము. గోండునోట పలికినది తెలుగుచెవికి ఒకవిధముగ, ఉర్దూకలమునకు మరియొకవిధముగ, ఇంగ్లీషు టైపునకు వేరొకవిధముగ తోచినది. అయినను భీమునకు ఇంటిపేరు దక్కినది. ఆయనకు ఎనుబది సంవత్సరముల ముందు నిర్మలలో ఉరిదీయబడిన వీరునకు అదియు దక్కలేదు. ఆయన ఇంటిపేరు మార్సుకోల అని చెప్పుదురు. లోకమునకు మాత్రము ఆయన రాంజీ గోండు. వంశము పేరు పోయి, జాతి పేరు మిగిలినది. పాలకుర్తి ప్రాంతపు చిట్యాల ఐలమ్మగారికిని ఇదే జరిగినది. ఇంటిపేరుండగా కులవృత్తి పేరుతోనే ఆమెను చరిత్ర పిలిచినది. ఇది అచ్చుయంత్రము పెట్టిన చుక్కవంటి అమాయకపు పొరపాటు కాదని మా అభిప్రాయము. దొరల ఇంటిపేర్లు దఫ్తరములలో పూర్తిగ నిలిచిన కాలముననే ఇవి జారిపోయినవి. అయితే ఐలమ్మగారి పేరు ముందరి ఆ మాటను జనము అభిమానముతో, గర్వముతో పలుకుచున్నారు. 2024లో ఒక విశ్వవిద్యాలయమునకు సైతము ఆ పేరే పెట్టిరి.

మార్లవాయికే చెందిన గుస్సాడి నృత్యగురువు కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ ప్రకటించిరి. ఆ పేరు వినినవారు బంగారమువంటి రాజు అని అర్థము చెప్పుకొని సంతోషించిరి. కనక అనునది గోండుల ఇంటిపేరు. ఆయన పేరు రాజు. నెమలిపింఛముల టోపీ, జింకకొమ్ములు, మెడలో పూసలు, భుజమున జంతుచర్మము ధరించి దీపావళి దినములలో ఊరూర ఆడు ఆ నృత్యమును ఆయన ఎందరికో నేర్పిరి. 2024లో గతించిరి. పేరు రెండు మాటలుగ వ్రాసినచో ఇల్లు తెలియును, కలిపివ్రాసినచో సంస్కృతమగును!

మెస్రంవారి సంగతి చెప్పక ఈ ప్రసంగము ముగింపరాదు. ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపురమున పుష్యమాసపు అమావాస్యనాడు నాగోబా జాతర ప్రారంభమగును. వచ్చువారు లక్షలాదిగ వత్తురుగాని, పూజ మాత్రము మెస్రం అను ఇంటిపేరు గలవారిదే. జాతరకు ముందు వారు కాలినడకన బయలుదేరి, జన్నారము ప్రాంతమున హస్తినమడుగు వద్ద గోదావరి జలమును తీసికొని, ఎన్నో ఊళ్ళు దాటి వత్తురు. సిరికొండ కుమ్మరులు ఆ పూజకై కుండలు చేసియిత్తురు. పొలము దున్నువాడు, బడిపంతులు, సర్కారు గుమాస్తా, ఎవరైనను సరే, ఇంటిపేరు మెస్రం అయినచో ఆ వరుసలో చోటుండును. అకారాది క్రమము కూర్చని పంక్తి అది. ఆ గుడిని రాతితో కొత్తగా కట్టవలెనని తలచినప్పుడు మెస్రంవారు తమలో తామే చందాలు వేసికొనిరి. 2022 డిసెంబరులో ఆ గుడి తెరువబడినది.

మేము ఇంతసేపును ఏకరువుపెట్టిన పేర్లలో స్త్రీ పేరు ఐలమ్మగారిది తప్ప లేదని శ్రోతలలో కొందరైన గమనించి యుందురు. పుట్టింటిపేరు పెండ్లితో పోవును, మెట్టినింటి పేరున ఆమెను వెదకుట ఎవరికిని తోచదు. ఇంటిపేర్ల పట్టికలన్నియు ఇట్లే సగము ఖాళీగ ఉండును. కేస్లాపురములో ఈ మార్పు పదిమంది ఎదుట జరుగును. ఆ సంవత్సరము మెస్రం ఇండ్లకు వచ్చిన కొత్తకోడండ్రు తెల్లచీరలు కట్టి, మొగమున ముసుగు వేసికొని, వరుసగా నాగోబా ఎదుటికి వత్తురు. పెద్దలు వారిని దేవునకు పరిచయము చేయుదురు. దానిని భేటింగు అందురు. ఆ భేటింగు కానిదే కోడలు ఆ దేవుని పూజలో పాల్గొనుటకు వీలులేదు. పెండ్లి ఎప్పుడో జరిగియుండును, ఏ వైశాఖములోనో. మెస్రం అను పేరు మాత్రము ఆమెకు ఆ పుష్యమాసపు రాత్రి, మఱ్ఱిచెట్ల క్రింద బండ్లు విప్పి వండుకొనుచున్న చుట్టముల నడుమ వచ్చును.